టెక్ సందేహాలు: నాలుగు గళ్ళు పచ్చగా ఉన్నా వర్డిల్‌లో ఎందుకు ఓడిపోతాం?

ప్రశ్న: సర్, నేను రోజూ వర్డిల్ ఆడతాను (దాచిన అయిదక్షరాల ఇంగ్లిష్ పదాన్ని ఆరు ఛాన్సుల్లో కనుక్కునే గేమ్; అక్షరం సరైన చోట ఉంటే గడి పచ్చగా, పదంలో వేరేచోట ఉంటే పసుపుగా, అసలు లేకపోతే బూడిదగా మారుతుంది). మొన్న రెండో ఛాన్స్‌కే నైట్ అని కొడితే ఐ-జీ-హెచ్-టీ నాలుగూ పచ్చగా వచ్చేశాయి, ఇంక గెలిచినట్టే అనుకున్నా. తీరా చూస్తే ఆరు ఛాన్సులూ అయిపోయాయి. ఇలాంటి పదాలన్నీ అర్థాలతో ఒకేచోట ఇచ్చే యాప్ ఏదైనా ఉందా? (డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం)

నీ బాధ నాకు బాగా తెలుసమ్మా, నేనూ ఇదే గోతిలో పడ్డా, అదీ మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరూ స్కోర్లు పెట్టుకునే రోజున. మా అక్క కూతురు "మావయ్యా, నువ్వు టెక్ కాలమ్ రాస్తావు కదా" అని ఒక్క మాటే అంది, ఆ మాటతోనే ఈ లెక్కంతా కూర్చుని తేల్చా.

ముందు లిస్టు చూడు. ఎయిట్ అంటే ఎనిమిది, ఫైట్ కొట్లాట, లైట్ వెలుతురు (బరువు లేనిది కూడా), మైట్ బలం ("కావచ్చు" అనే అర్థంలోనే ఎక్కువ వాడతాం), నైట్ రాత్రి, రైట్ కుడి లేదా సరైనది లేదా హక్కు, సైట్ చూపు, టైట్ బిగుతు. తొమ్మిదోది వైట్, తెలుపు కాదు, డబ్ల్యూ తర్వాత ఐ-జీ-హెచ్-టీ వచ్చే వైట్, మనిషి లేదా జీవి అనే అర్థమున్న పాతకాలపు మాట. బీతో మొదలయ్యే బైట్ కూడా ఉంది, తీరం లోపలికి వంగిన చోటు అని అర్థం, ఆస్ట్రేలియా మ్యాప్‌లో కింద గ్రేట్ ఆస్ట్రేలియన్ బైట్ అని ఉంటుంది చూడు. అంటే నైట్ పోగా నీకు ఇంకా తొమ్మిది మిగిలాయి, చేతిలో ఉన్నవేమో నాలుగు ఛాన్సులు. ఒక్కో పదం కొట్టుకుంటూ పోతే అది లాటరీయే.

చేయాల్సింది ఏంటంటే, పచ్చ అక్షరాలు కాసేపు మర్చిపో. మూడో ఛాన్స్‌లో ఫిల్మ్స్ కొట్టు, ఎఫ్-ఐ-ఎల్-ఎమ్-ఎస్. అది ఆన్సర్ కాదని నీకూ తెలుసు, కానీ ఫైట్, లైట్, మైట్, సైట్ నాలుగింటికీ ఒకేసారి పరీక్ష పెట్టినట్టు, ఏ మొదటి అక్షరానికి రంగొస్తే అదే ఆన్సర్. ఐ ఎలాగూ పచ్చగానే వస్తుంది, దాన్ని పట్టించుకోకు. ఏదీ రాలేదా, నాలుగో ఛాన్స్ రెన్యూ, ఆర్-ఈ-ఎన్-ఈ-డబ్ల్యూ. ఆర్‌కి రంగొస్తే రైట్, ఈకి వస్తే ఎయిట్, డబ్ల్యూకి వస్తే వైట్, మొత్తం బూడిద రంగే అయితే టైట్ (లేదా, మన ఖర్మ కాలి, బైట్). అయిదో ఛాన్స్‌కి పనైపోతుంది, ఆరోది మిగులుతుంది. కాకపోతే హార్డ్ మోడ్ ఆన్‌లో ఉంటే ఈ పప్పులుడకవు, అందులో దొరికిన అక్షరాలన్నీ తర్వాతి పదంలో పెట్టి తీరాలి, సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకో.

ఇక యాప్ సంగతి. ఈ "అయిదక్షరాల పదాల లిస్టు" యాప్‌లు, సైట్లు నేను ఎవరికీ చెప్పను, సగం స్క్రీన్ యాడ్సే, పైగా ఎవరూ వాడని పదాలన్నీ కుప్పగా పోసి పెడతారు. వర్డిల్ పుట్టింది అలా కాదు. అప్పట్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉన్న జాష్ వార్డిల్ అనే ఇంజనీరు తన భాగస్వామి పలక్ షా కోసం చేసిన గేమ్ అది. ఇంగ్లిష్‌లో దాదాపు 12,000 అయిదక్షరాల పదాలుంటే ఆమె వాటిని జల్లెడ పట్టి, తెలిసిన మాటలు మాత్రం ఉంచితే 2,300 చిల్లర మిగిలాయి, మొదట్లో ఆన్సర్లన్నీ ఆ లిస్టులోవే. 2021 అక్టోబర్‌లో అందరికీ తెరిస్తే నవంబర్ 1న ఆడినవాళ్ళు 90 మంది, జనవరి మొదట్లో 3 లక్షలు, ఆ నెలాఖరుకే న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. అందుకే వైట్, బైట్ లాంటివి చివరికి ఉంచుకో. ఆ మొదటి లిస్టులో ఎక్కువసార్లు కనిపించేవి ఈ, ఏ, ఆర్, ఓ, టీ, అదే వరసలో. ఎస్ పెట్టి చేసే బహువచనాలు ఆన్సర్లుగా దాదాపు రావు కాబట్టి చివర్లో ఎస్ మీద ఆశ పెట్టుకోకు.

అయినా లిస్టు కావాల్సిందే అంటావా, వన్‌లుక్ అనే డిక్షనరీ సైట్ ఉంది, అందులో ఒక ప్రశ్నార్థకం గుర్తు కొట్టి వెంటనే ఐ-జీ-హెచ్-టీ టైప్ చెయ్యి. ప్రశ్నార్థకం అంటే "ఇక్కడ ఏదో ఒక్క అక్షరం" అని. దాని వెనక కోలన్ పెట్టి చీకటి అనే అర్థమున్న ఇంగ్లిష్ మాట రాస్తే ఆ అర్థానికి దగ్గరగా ఉన్నవే ఏరి ఇస్తుంది. మ్యాక్ ఉన్నవాళ్ళకైతే నెట్ కూడా అక్కర్లేదు, అందులో 2 లక్షల 30 వేలకు పైగా పదాలున్న ఫైల్ ఒకటి ముందే ఉంటుంది, టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే యాప్) తెరిచి గ్రెప్ అనే కమాండ్‌తో వెతుక్కోవచ్చు, అది కెన్ థాంప్సన్ అనే ప్రోగ్రామర్ యునిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 1973లో రాసింది, ఇవాళ్టికీ పనిచేస్తోంది. అక్కడ ప్రశ్నార్థకం బదులు చుక్క పెట్టాలి, మొదట్లో ^ గుర్తు, చివర $ గుర్తు కూడా పెట్టాలి, లేకపోతే ఆ అక్షరాలు లోపల ఉన్న పెద్ద పదాలూ వచ్చేస్తాయి. ఆ ఫైల్ చాలా పాత డిక్షనరీది కాబట్టి ఫిల్మ్స్ లాంటి బహువచనాలు పెద్దగా దొరకవు.

అర్థాలకి మాత్రం ట్రాన్స్‌లేట్ ఫార్ములాని నమ్మకు. గూగుల్ షీట్స్‌లో కాలమ్ మొత్తానికి తెలుగు అర్థాలు లాగొచ్చు గానీ పదానికి ఒక్క మాటే ఇస్తుంది, రైట్‌కి "కుడి" అని వస్తే "హక్కు" ఎవరు చెప్తారు? ఆంధ్రభారతి నిఘంటువులో పదం పదం చూసుకో, రోజుకి నాలుగైదు చూస్తే గుర్తు కూడా ఉంటాయి.

ప్రశ్న: పిల్లల కోసం అయిదక్షరాల తెలుగు పదాలు ఏరుదామని గూగుల్ షీట్స్‌లో అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్ పెట్టాను. "తెలుగు" అంటే 6 చూపిస్తోంది. ఫార్ములా తప్పా? (తెలుగు టీచర్, ఒంగోలు)

ఫార్ములా తప్పు కాదు మేడమ్, మనకి అక్షరం వేరు, కంప్యూటర్‌కి వేరు. యూనికోడ్‌లో (కంప్యూటర్ ప్రతి గుర్తుకీ ఒక నంబర్ ఇచ్చే పద్ధతి) గుణింతం గుర్తు విడిగా ఉంటుంది, కాబట్టి తె అంటే దానికి త ఒకటి, ఎత్వం ఒకటి, రెండు. ఒత్తు కథ ఇంకా ఘోరం, పొల్లు ఒకటి, హల్లు ఒకటి, అందుకే "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు! "రాజమండ్రి" తొమ్మిది.

దీనికి రెజెక్స్‌రీప్లేస్ ఫంక్షన్ (మనం చెప్పిన నమూనాకి సరిపోయేవి వెతికి మార్చేది) రెండుసార్లు వాడాలి. మొదటిసారి పొల్లు, దాని వెనకే [క-హ] మధ్యలో ఏ హల్లున్నా రెండూ కలిపి తీసేయండి, ఒత్తులు పోతాయి. రెండోసారి గుణింతం గుర్తులు, సున్నా, విసర్గ, మిగిలిపోయిన పొల్లు తీసేయండి. ఆ మిగిలినదానికి లెన్ పెడితే తెలుగు 3, రాజమండ్రి 4, విజయవాడ 5. హైదరాబాద్ కూడా 5 వస్తుంది, చివరి పొల్లుని అక్షరంగా లెక్కేస్తారా లేదా అన్నది మీ క్లాసులో మీ ఇష్టం. ఒక్క జాగ్రత్త, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్, వే కలిసిపోకుండా మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి టైప్ అవుతుంది, దాన్నీ తీయకపోతే ఒకటి ఎక్కువ వస్తుంది. నాకిది తెలిసేసరికి ఒక సాయంత్రం మొత్తం పోయింది.

ప్రశ్న: పదాల సైట్ ఒకటి ఓపెన్ చేశాక ఫోన్‌కి రోజంతా "వైరస్ ఉంది" అని నోటిఫికేషన్లు. ఫార్మాట్ కొట్టాలా? (గాజువాక నుంచి)

వద్దండి. నోటిఫికేషన్లు పంపనా అని ఆ సైట్ అడిగినప్పుడు మీరు అలవాటుగా అలౌ నొక్కేసి ఉంటారు, చాలావరకు అంతే. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి ఆ సైట్ పేరు నొక్కి బ్లాక్ చేయండి. వచ్చిన నోటిఫికేషన్ మీద మాత్రం నొక్కకండి, పక్కకి తోసేయండి.