న్యాయ సలహా: ఇంటర్వ్యూలో తగ్గిన ఒక్క మార్కు

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో స్కేల్ వన్ ఆఫీసరును. పగలంతా వేరుశనగ రైతుల పంట రుణాల రెన్యువళ్లు చూసుకుని, పిల్లలు పడుకున్నాక అర్ధరాత్రి దాకా చదివి ఈసారి స్కేల్ టూ ప్రమోషన్ పరీక్ష రాశాను. రాతలో 100కు 78 వచ్చాయి. ఇంటర్వ్యూలో 30కి 11 వేశారు. కనీసం 12 రావాలంటూ జాబితాలో నా పేరు చేర్చలేదు. సర్క్యులర్‌లో ఆ కనీస మార్కుల ప్రస్తావన లేదు. ఇంటర్వ్యూ బోర్డులోని ముగ్గురిలో ఒకరు, రెండేళ్ల కిందట నా పనితీరు నివేదికలో మార్కులు తగ్గిస్తే నేను పైకి అప్పీలు చేసుకున్న అధికారి. రాతలో నాకన్నా 15 మార్కులు తక్కువ వచ్చినవారు ఎంపికయ్యారు. ఫలితాలు వచ్చి నాలుగు నెలలైంది. ఇది పక్షపాతం కాదా? కోర్టులో నిలుస్తుందా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, కళ్యాణదుర్గం

జవాబు: మీరు పంపిన సర్క్యులర్‌నూ మార్కుల పత్రాన్నీ రెండుసార్లు చదివాను. ఉత్తరమంతటా మీరు బాధపడింది బోర్డులో కూర్చున్న ఆ అధికారి గురించి. మీ కేసుకు అసలు బలం మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతిలో ఉంది. సర్క్యులర్‌లోని మూడో పేజీలో రాత పరీక్షకు కనీస మార్కులు ఎన్నో స్పష్టంగా రాశారు. దాని కిందనే ఉన్న ఇంటర్వ్యూ పేరాలో మొత్తం 30 మార్కులని తప్ప కనీసం ఇన్ని రావాలన్న మాట లేదు. మీ వ్యాజ్యానికి పునాది ఆ పేరానే.

మన రాష్ట్రంలో జిల్లా జడ్జీల ఎంపికలో ఇంటర్వ్యూలు ముగిశాక వాటికి కనీస మార్కులు పెట్టి కొందరిని తప్పిస్తే, అది చెల్లదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. ఎంపిక మొదలయ్యాక నిబంధనలు మార్చరాదన్న ఆ సూత్రాన్ని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 7న మరోసారి ధ్రువపరిచింది. ఒక్కో దశకు కనీస ప్రమాణం పెట్టుకునే అధికారం సంస్థకు ఉన్నా, ఆ దశ రాకముందే దాన్ని నిర్ణయించాలని, అభ్యర్థి ఆ తర్వాత తెలుసుకుని నివ్వెరపోయే పరిస్థితి ఉండకూడదని కూడా అందులో ఉంది. అయితే బ్యాంకు తప్పకుండా ఒక మాట అంటుంది: సర్క్యులర్‌లో లేకపోయినా, డైరెక్టర్ల బోర్డు ఆమోదించిన ప్రమోషన్ విధానంలో ఆ నిబంధన ముందునుంచీ ఉందని. నిజంగా ఉంటే మీ వాదన చాలా పలుచబడుతుంది. కాబట్టి ముందుగా ఆ విధాన పత్రం ప్రతిని, ఇంటర్వ్యూ బోర్డు సభ్యులు మీకు విడివిడిగా వేసిన మార్కులను సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇక ఆ అధికారి సంగతి. పక్షపాతం జరిగిందని కళ్లకు కట్టినట్టు రుజువు చేయనక్కర్లేదు, జరిగే అవకాశం సహేతుకంగా కనిపిస్తే చాలునని 1969లో జమ్మూకశ్మీర్ అటవీ సర్వీసు కేసులో తీర్పు వచ్చింది. అక్కడ ఎంపిక బోర్డులో కూర్చున్న అధికారి తానే ఒక అభ్యర్థి. తన పేరు చర్చకు వచ్చినప్పుడు పక్కకు తప్పుకున్నా ఎంపిక నిలవలేదు. మీ విషయం అంత సూటిగా లేదు. కిందిస్థాయి ఉద్యోగి నివేదికపై అప్పీలు చేసుకోవడం బ్యాంకుల్లో మామూలే గనుక, అంతమాత్రాన కక్ష కట్టారని న్యాయమూర్తి అనుకోకపోవచ్చు. అంతకన్నా ఇబ్బంది, మీరు ఆ రోజు అభ్యంతరం చెప్పకపోవడం. లక్నో విశ్వవిద్యాలయం కేసులో 1976లో సుప్రీంకోర్టు, బోర్డులో ఎవరున్నారో తెలిసీ నోరు మెదపకుండా ఇంటర్వ్యూకు వెళ్లినవారు ఓడాక పక్షపాతమని అనలేరని చెప్పింది. ఆయన బోర్డులో ఉన్నట్టు గదిలోకి వెళ్లాకే తెలిసిందని మీరు రాశారు. ఎదుట ముగ్గురు పెద్దలు కూర్చుని ఉండగా ‘ఈయన వద్దు’ అనగలిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? మీ మౌనాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ సాయంత్రం ఒక్క ఈమెయిలైనా పంపి ఉంటే ఇవాళ మీ పరిస్థితి వేరుగా ఉండేది. ఈ ఏడాది పరీక్షకు వెళ్తున్న పాఠకులు దయచేసి ఇది గుర్తుంచుకోండి.

అందుచేత దురుద్దేశాన్ని ప్రధాన ఆరోపణ చేయవద్దన్నది నా గట్టి సలహా. దాన్ని రుజువు చేసే భారం చాలా ఎక్కువ. పైగా ఆ అధికారిని పేరుపెట్టి ప్రతివాదిగా చేర్చకుండా కోర్టు దాన్ని వినదు. రాతలో తక్కువ వచ్చినవారు ఎంపికయ్యారన్నది కూడా దానంతట అది పక్షపాతానికి రుజువు కాదు, ఎందుకంటే తుది జాబితా రాత మార్కులతోనే తయారు కాలేదు. అనుభవమున్న ఉద్యోగుల ఎంపికలో ఇంటర్వ్యూకు కొంత ఎక్కువ విలువ ఇచ్చినా కోర్టులు 1981 నుంచీ ఒప్పుకుంటున్నాయి.

పరీక్ష రాసి ఓడినవారు పద్ధతిని ప్రశ్నించలేరన్న వాదన కూడా ఎదురవుతుంది. పద్ధతికి ఒప్పుకున్నంత మాత్రాన అందులోని చట్టవిరుద్ధతకు ఒప్పుకున్నట్టు కాదని 2019 డిసెంబరులో బీహారు వైద్యుల కేసులో సుప్రీంకోర్టు అన్నది. మీరు పరీక్ష రాసేనాటికి ఆ నిబంధన ఉందనే మీకు తెలియదు, కాబట్టి ఆ మాట మీకు అక్కరకొస్తుంది.

రిట్ పిటిషన్ వేయాల్సింది అమరావతిలోని హైకోర్టులో, రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద. ప్రతివాదులుగా బ్యాంకుతోపాటు, మీ కేసు నెగ్గితే స్థానం కదిలే ఎంపికైనవారిలో కొందరినైనా చేర్చండి. వారు లేకుండా వారికి వ్యతిరేకంగా కోర్టు ఉత్తర్వు ఇవ్వదు. రాత పరీక్షను, బ్యాంకుల తరఫున పరీక్షలు జరిపే ఐబీపీఎస్ సంస్థ నిర్వహించి ఉన్నా, ఆ సంస్థపై రిట్ చెల్లదని 2019లోనే తేలిపోయింది. ఇక గడువు: ప్రమోషన్ వివాదాల్లో ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో కోర్టుకు రావాలని సుప్రీంకోర్టు 1974లో చెప్పింది. మీకు నాలుగు నెలలు గడిచాయి. సమాచార హక్కు జవాబు ఆలస్యమైనా దానికోసం కూర్చోకుండా, ఈ వారమే బ్యాంకుకు రాతపూర్వక విజ్ఞప్తి ఇచ్చి, న్యాయవాదిని కలవండి. కోర్టు మీకు నేరుగా ప్రమోషన్ ఇవ్వదు. రాజ్యాంగం ఇచ్చింది పరిగణనకు నోచుకునే హక్కే గనుక, ఆ కనీస మార్కు లేకుండా మళ్లీ పరిశీలించమని ఆదేశించడమే మీరు కోరగలిగేది.

ప్రశ్న: గ్రామీణ బ్యాంకులో 18 ఏళ్లుగా ఆఫీస్ అసిస్టెంటుగా ఉన్నాను. మా నియమాల్లో ‘సీనియారిటీ కమ్ మెరిట్’ అని ఉంది. అయినా మార్కులన్నీ కూడి, ఎక్కువ వచ్చినవారి నుంచి కిందికి జాబితా వేశారు.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: నియమంలో ఉన్నది సరిగ్గా ఆ మాటే అయితే ఆ జాబితా తప్పు. పనికి అవసరమైన కనీస ప్రతిభ ఉన్నవారందరిలో, మార్కులు తక్కువైనా సీనియరే ముందు అని సుప్రీంకోర్టు 1998లో గ్రామీణ బ్యాంకుల కేసులోనే తేల్చింది. కనీస మార్కులు పెట్టడం వరకు బ్యాంకుకు అధికారముంది. ఆ గీత దాటినవారిని మళ్లీ మార్కుల వరుసలో నిలబెట్టే అధికారం లేదు. మీరు ఆ గీత దాటారో లేదో మాత్రం రాయలేదు; దాటకపోతే 18 ఏళ్ల సర్వీసు కూడా ఇక్కడ ఆదుకోదు.

ప్రశ్న: ప్రమోషన్ పరీక్ష కీలో రెండు జవాబులు తప్పు. కోర్టు సరిచేస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కీ సరైనదేనని కోర్టు మొదట అనుకుంటుంది. వాదనలతో సాగదీయకుండా, చూడగానే తప్పని తెలిసేలా ఉంటేనే జోక్యం చేసుకుంటుందని 1983 నాటి కాన్పూరు విశ్వవిద్యాలయం కేసు చెబుతోంది. కాబట్టి ఆ రెండు ప్రశ్నలకు రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌లోని పేరాను గానీ, చట్టంలోని సెక్షన్‌ను గానీ చూపి, అభ్యంతరాల గడువు ముగియకముందే బ్యాంకుకు రాయండి. మీ జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు 2011 తీర్పు ప్రకారం మీకుంది. ఆ రెండు మార్కులు కలిపితే మీరు కటాఫ్ దాటుతారో లేదో ముందే లెక్కేసుకోండి, దాటకపోతే కోర్టు ఆ ప్రశ్నల జోలికే వెళ్లకపోవచ్చు.