పారిజాతం: రాలిన పూలు, తెగే దండ, పేరుకు అర్థం

చిత్తూరు అక్కా, మూడు అడిగారు: రాలిన పారిజాతాలు పూజకు పనికొస్తాయా, దండ ఎందుకు నిలవట్లేదు, పాపకు ఆ పేరు పెట్టొచ్చా అని.

పనికొస్తాయి. నేల రాలినా దోషం పట్టించుకోని పువ్వంటే ఇదే. సాయంత్రమే చెట్టు కింద ఉతికిన పంచె పరిచి, ఎండెక్కకముందే ఏరుకోండి. కడగొద్దు, రేకులు నీరుగారిపోతాయి. మీరు అరటినారతో ముడేసి కట్టానన్నారు, చిక్కంతా అక్కడే. నారింజ రంగు కాడ లోపల బోలు గొట్టం. ముడి బిగిస్తే నలిగి తెగుతుంది. సన్న సూది, ఒంటిపోగు దారం తీసుకుని పువ్వు నడిమధ్య నుంచి కాడ చివరిదాకా గుచ్చండి. పొద్దున్నే వేసేయాలి, మధ్యాహ్నం దాకా ఆగదు.

పారిజాతమంటే సముద్రంలో పుట్టినది, క్షీరసాగర మథనం కథే. మీ వాళ్లు భయపెట్టిన ‘ఏడుపు చెట్టు’ శాస్త్రీయనామం పుణ్యం: నిక్టాంథస్ అర్బర్‌ట్రిస్టిస్. మొదటిది రాత్రి పువ్వు, రెండోది దిగులు చెట్టు. తెల్లారేసరికి పూలన్నీ రాల్చి బోసిపోతుంది కాబట్టి అలా అన్నారు. మన పేరులో ఆ దిగులు లేదు, నిక్షేపంగా పెట్టండి.

పాపతో తిరుమల వెళ్తే మాత్రం తలలో పూలు తీసేయండి. కొండమీద పూలన్నీ స్వామివే.