తేల్చుకోవాల్సిన పనేం లేదు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. బడిలో టీచరుగానే ఉండిపోవాలా, కెమెరా పట్టుకుని తిరగాలా, పీహెచ్‌డీలో చేరాలా, ఏదో ఒకటి తేల్చుకోకపోతే రచయితవు కాలేవేమోనని టెన్షన్ పడుతున్నావు. ఇంట్లో వాళ్లు నిలకడ లేదంటున్నారని కూడా రాశావు. నన్నూ అదే అన్నారు. అచ్చంపేట వైపు సాంఘికశాస్త్రం చెప్పి, తర్వాత డాక్యుమెంటరీలు తీసి, నలభై దాటాక చరిత్ర పరిశోధనలో పడ్డవాణ్ని. నేను చేసేది ఏం ఉద్యోగమో నలుగురికి చెప్పడం మా నాయనకు చివరిదాకా చేతకాలేదు.

నువ్వు పట్టుకున్న విషయాన్ని మాత్రం వదలకు. కొల్లాపూర్ వాడివి, మీ నాయనమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఏ పనిలో ఉన్నా నువ్వు అడిగేది ఆ ఊరి గురించే అయినప్పుడు ఇక నిలకడకు ఏం తక్కువ? సురవరం ప్రతాపరెడ్డి గారు వకాలత్ చదివారు, 1926లో గోలకొండ పత్రిక పెట్టారు, 1952లో వనపర్తి ఎమ్మెల్యే అయ్యారు. సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొదటి అవార్డు మాత్రం ఆయన రాసిన సాంఘిక చరిత్రకు వచ్చింది. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లో వెతికిన మనిషి. పాలమూరు వాడే.

బడిలో ఉన్నన్నాళ్లు బడిని వాడుకో. ప్రాజెక్టుల పాఠం వచ్చినప్పుడు, పాత ఊరి నుంచి మీ ఇంటికొచ్చిన వస్తువు ఏదైనా ఉందా అని పిల్లల్ని అడుగు. ఒకడు దర్వాజ అంటాడు, ఇంకొకతె ఇసుర్రాయి అంటుంది. 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు సొంత ఇంటిని తామే విప్పుకుని దూలాలు, తలుపులు తెచ్చుకున్నవాళ్లున్నారు. ఇక రాయడం సంగతి. నా వాక్యాలు చిన్నగా ఉంటాయని మెచ్చుకున్నావు. అందులో సాహిత్యమేమీ లేదు, ఎనిమిదో తరగతి బి సెక్షన్ నేర్పిన విద్య. అర్థం కాకపోతే వెనక బెంచీ వెంటనే చెప్పేస్తుంది.

కెమెరా దగ్గర నేర్చుకునేది వేరు. మైకు పెట్టి ‘ఊరు మునిగినప్పుడు మీకెట్ల అనిపించింది’ అన్నావనుకో, ‘ఏమనిపిస్తది, ఏడ్చినం’ అంటారు. అంతే, అయిపోయింది. టీవీల వాళ్లు అడిగీ అడిగీ ఆ జవాబు అరిగిపోయింది. ‘కొత్త జాగకు వచ్చిన రోజు పొయ్యి ఎక్కడ పెట్టిండ్రు’ అని అడుగు. కట్టెలు ఎవరిచ్చారో, బర్రెను ఎంతకు అమ్ముకున్నారో, గుళ్లో దేవుణ్ని ఎవరు మోశారో ఒక్కొక్కటే బయటికొస్తాయి. కులం గురించి నువ్వు ప్రత్యేకంగా అడగక్కర్లేదు. ఇళ్ల స్థలాలు ఎట్లా పంచారు, ఎవరికి ఊరి చివర ఇచ్చారు అని అడిగితే చాలు, మొత్తం తెలుస్తుంది. కుర్చీలో కూర్చోబెడితే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. బియ్యం చెరుగుతుంటే చెరగనివ్వు. చేట చప్పుడు మైకులో పడితే పడనీ. ఫ్యాను మాత్రం ఆపెయ్యి, దాని మోత తర్వాత ఎవడూ తీయలేడు. ‘ఇంతే బిడ్డా’ అన్నాక కూడా రికార్డింగ్ ఆపకు. చాలామంది అసలు సంగతి అప్పుడే మొదలుపెడతారు.

కానీ ఆ మాటనే చరిత్ర అని అచ్చేయకు. ‘రాత్రికి రాత్రి నీళ్లొచ్చినయ్’ అంటారు. శ్రీశైలానికి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. భూసేకరణ కాగితాలు నీళ్లకంటే చాలా ముందే నడిచాయి. మరి ముసలమ్మ అబద్ధమాడిందా? తొందరపడకు. నోటిఫికేషన్ గెజిట్‌లో పడటం వేరు, ఆమె చెవిన పడటం వేరు. ఆ కబురు దారిలో ఎక్కడ, ఎవరి దగ్గర ఆగిందో కనుక్కున్నావంటే నీ పుస్తకంలో సగం తయారైనట్టే. అలాగని కాగితాన్ని కూడా నెత్తిన పెట్టుకోకు. భూసేకరణ అవార్డులో, అంటే పరిహారం తేల్చిన ఉత్తర్వులో, పట్టాదారు పేరుంటుంది. కౌలు చేసినవాడు, కలుపు తీసిన కూలీ, కృష్ణలో చేపలు పట్టుకుని బతికినవాళ్లు ఎంత వెతికినా కనిపించరు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మనుషులకు 1986లో ఉద్యోగాల కోసం 98 నంబరు జీవో ఇచ్చారు. ఉద్యోగం వస్తుందని ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, ముందు వాళ్ల దగ్గరికి పో.

పాత రికార్డుల దాకా వెళ్తానంటే ఉర్దూ నేర్చుకోక తప్పదు. తార్నాకలోని ఆర్కైవ్స్‌లో నిజాం కాలం కాగితాల మీద ఫసలీ సంవత్సరాలుంటాయి, అప్పటి శిస్తు లెక్కల ఏళ్లు. మన ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే 590 కలుపుకోవాలి. 1356 ఫసలీ అంటే 1946 అక్టోబరులో మొదలైన ఏడాది.

ఉద్యోగానికి మాత్రం రాజీనామా చేయకు. డాక్యుమెంటరీ డబ్బులు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. డిపార్ట్‌మెంటు నుంచి అభ్యంతరం లేదని ఎన్‌ఓసీ తీసుకుంటే పార్ట్ టైం పీహెచ్‌డీ చేయొచ్చు. నెట్ పరీక్షకు వయసు అడ్డు కాదు, పరిశోధనకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌కు పరిమితి ఉంది, చూసుకో. మా రోజుల్లో ఉస్మానియానే దిక్కు, మీకు 2008 నుంచి పాలమూరు యూనివర్సిటీ ఉంది. గైడును ఎంచుకునేటప్పుడు ఆయన రాసినవి చదివి ఎంచుకో. ఎవరో చెప్పారని చేరకు.

ఈ దసరా సెలవుల్లో మునిగిన ఊరి 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు, నకలు సంపాదించు. సర్వే నంబర్ల గురించి నాయనమ్మను కాదు, మీ పెద్దనాయనను అడుగు. వాటాల లెక్క దగ్గర ఆయన జ్ఞాపకానికి తిరుగుండదు. నీ చిన్నాయన చెప్పేది విడిగా రాసుకో. రెండూ కలవవు. కలవనివ్వకు కూడా, రెండూ నాకు పంపు.

నీ అన్న