రీమేక్‌ను తెలుగులో ఏమనాలి?

సందేహం: కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను. నింటెండో వాళ్ల పాత చేతి యంత్రం గేమ్‌బాయ్ ఆటలకు ఇప్పుడు వస్తున్న రీమేక్‌ల గురించి కాలేజీ పత్రికకు వ్యాసం రాశాను. ‘1993 నాటి సాహస ఆటను 2019లో మళ్లీ పునర్నిర్మించబడింది’ అన్నది మొదటి వాక్యం. మా తెలుగు సార్ దాని కింద ఎర్రగీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. తప్పెక్కడుంది? పునర్నిర్మాణం, పునఃసృష్టి, పునరుద్ధరణ – వీటిలో రీమేక్‌కు ఏది సరిపోతుంది?

సమాధానం: ముందు వ్యాకరణం సంగతి చూద్దాం. ‘ఆటను’ అన్నాక ‘నిర్మించారు’ అనాలి. ‘నిర్మించబడింది’ అనే రాయాలనుకుంటే ‘ఆట’ అని ఊరుకోవాలి, ‘ను’ పెట్టకూడదు. మీ వాక్యం కర్తరిలో మొదలై కర్మణిలో తేలింది. వార్తల్లో రోజూ కనబడే పొరపాటే ఇది. అసలు ‘బడు’ జోలికి పోకపోతే ఈ ఇబ్బందే రాదు. ఎవరు చేశారో చెప్పకుండానే ‘చేశారు’ అనగలిగే సౌకర్యం తెలుగులో ఎలాగూ ఉంది.

‘పునః’ అంటేనే మళ్లీ అని అర్థం. కాబట్టి ‘మళ్లీ పునర్నిర్మాణం’ అనడం ‘తిరిగి పునఃప్రారంభం’ లాంటిది. మన కర్నూలులో నోటితో చెప్పేటప్పుడు ‘మళ్లా చేసినారు’ అని హాయిగా అంటాం. కాగితం ముందు కూర్చోగానే ఆ ‘మళ్లా’ చాలదేమోనని టెన్షన్ పట్టుకుంటుంది, ‘పునః’ తెచ్చి తగిలిస్తాం. అయితే ‘మళ్లీ రీమేక్ చేశారు’ అన్న మాట అన్నిచోట్లా తప్పు కాదు. పోకెమాన్ తొలి ఆటలు 1996లో జపాన్‌లో వచ్చాయి. వాటిని 2004లో ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ అన్న పేర్లతో రీమేక్ చేశారు. 2018లో లెట్స్ గో పేరుతో మళ్లీ రీమేక్ చేశారు. అక్కడ ‘మళ్లీ’ తీసేస్తే సమాచారమే పోతుంది.

ఇక మీరు అసలు అడిగినది. పేరు రాయలేదు గానీ, సంవత్సరాలను బట్టి మీ ఆట ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకెనింగ్’ అనుకుంటున్నాను. దానికి పునరుద్ధరణ అన్న మాట పనికిరాదు. పూడిన చెరువుకు, పడిపోయిన గుడికి పునరుద్ధరణ కావాలి. ఈ ఆట ఎక్కడా పడిపోలేదు. ఆట ఉండే కార్ట్రిడ్జ్ (యంత్రంలో పెట్టే చిన్న డబ్బీ) బాగున్నది దొరికితే గేమ్‌బాయ్‌లో ఈరోజుకీ ఆడుకోవచ్చు. పాతబడటం వేరు, పాడవటం వేరు.

పునర్నిర్మాణం సంగతి చూడాలంటే మీరు ఒకసారి మన కర్నూలు పక్కనున్న జగన్నాథగట్టు ఎక్కండి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి, ఆ రాళ్లను అక్కడికి తెచ్చి నిలబెట్టారు. దాన్ని పునర్నిర్మాణం అనొచ్చు, తరలింపు అంటే ఇంకా బాగుంటుంది. ఆటల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఇదే ఆటకు 1998లో వచ్చిన రంగుల రూపాన్ని 2011లో నింటెండో 3డీఎస్ అనే తర్వాతి చేతి యంత్రంలో ఆడుకునేలా అమ్మకానికి పెట్టారు. అది తరలింపే. 2019లో జరిగింది దీనికి తలకిందులు. గుడి విషయంలో రాళ్లు పాతవి, చోటు కొత్తది. రీమేక్‌లో రాళ్లన్నీ కొత్తవి, చోటు మాత్రం పాతది.

ఆ చోటు ఎలాంటిదో తెలిస్తేగానీ ఏ మాట వాడాలో తేలదు. గేమ్‌బాయ్ తెర అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగుల్లేవు, నాలుగు ఛాయలే. కోహోలింట్ అనే ఆ దీవిని 16 వరుసల్లో పదహారేసి తెరలుగా, మొత్తం 256 తెరలుగా పరిచారు. అంచుకు నడిస్తే పక్క తెర జరిగి వస్తుంది. ఎంత చిన్న తెర అయినా అందులో ఒక చెట్టో, గుహో, కదలని బండో, ఏదో ఒక మెలిక ఉండాలి. ఖాళీగా వదలడానికి జాగా లేదు. ఇరుకువల్ల వచ్చిన బిగువు అది. పని చేయించే బొత్తాలు రెండే కావడంతో కత్తి, డాలు కూడా వాటిలోనే సర్దుకోవాలి. ఇంకో వస్తువు కావాలంటే ఆట ఆపి మెనూ తెరవాలి. ఆడినవాళ్లకు ఆ విసుగు బాగా గుర్తుంటుంది.

గ్రెజ్జో అనే జపాన్ సంస్థ చేసిన 2019 రీమేక్‌లో కత్తికి, డాలుకు విడి బొత్తాలిచ్చారు. బయట తిరిగేటప్పుడు తెరలు విడివిడిగా జరగకుండా దీవి అంతా సాగుతూ కనబడుతుంది. బొమ్మలు దసరా కొలువులో పేర్చినట్టు ముద్దుగా ఉంటాయి. కానీ చెట్టు చెట్టు దగ్గరే ఉంది, గుహ గుహ దగ్గరే ఉంది. 1993లో ఆడినవాడికి దారి ఎవరూ చెప్పక్కర్లేదు. అంగట్లో చేతివాటం చూపిస్తే ఆటగాడి పేరు మార్చేసి ఊరంతా ‘దొంగ’ అని పిలిచే చిలిపితనాన్నీ అలాగే ఉంచారు. విసుగు తీసేసి దారి ఉంచారు, అదీ ఈ రీమేక్ ఆకర్షణ. గదులు పేర్చి సొంత గుహ కట్టుకునే భాగం ఒకటి కొత్తగా కలిపారు. నా మట్టుకు నాకు అది అతుకులాగే ఉంది.

ఇంత పొందికగా పాతదాన్ని నిలిపినప్పుడు పునఃసృష్టి అంటే అతిశయోక్తి అవుతుంది. సృష్టి అన్నాక చేసినవాడి సొంత ఊహ ముందుకు రావాలి. 1991 నాటి మెట్రాయిడ్ రెండో ఆటను 2017లో ‘సామస్ రిటర్న్స్’ పేరుతో చేసినప్పుడు అది జరిగింది. పాతదానిలో మ్యాపే లేదు. కొత్తదానిలో మ్యాపు పెట్టారు, ఎటు కావాలంటే అటు గురిపెట్టే వీలు ఇచ్చారు, మీదికొచ్చిన శత్రువును ఎదురుదెబ్బ కొట్టే పద్ధతి తెచ్చారు. పోరాడే తీరే మారిపోయింది. దాన్ని పునఃసృష్టి అనండి, ఒప్పుకుంటాను. ‘పునర్సృష్టి’ అని మాత్రం రాయకండి. ‘న’కారం ముందు విసర్గ రేఫ (‘ర’) అవుతుంది కనుక పునర్నిర్మాణం. ‘స’కారం ముందు కాదు కనుక పునఃసృష్టి, లేదా పునస్సృష్టి. ‘పునర్ప్రారంభం’ కూడా ఇందుకే తప్పు.

మీ ఆటకు రీమేక్ అన్న మాటే వాడండి. సినిమావాళ్ల పుణ్యమా అని అది ఎప్పుడో తెలుగైపోయింది. రీమేక్ హక్కులు అంటాం, రీమేకులు అని బహువచనం చేస్తాం, ‘చేయు’ కలిపి క్రియగానూ వాడతాం. పాతది అక్కడే ఉండగా దాన్ని చూసి ఇంకోటి చేశారన్న భావం ఆ మాటలో అందరికీ తడుతుంది. నేను చెప్పిన సంస్కృత పదాలేవీ అంత సూటిగా ఆ పని చేయవు.

మీరు అడగకపోయినా ‘సాహస ఆట’ గురించి ఒక మాట. ధర్మశాస్త్రాల్లో సాహసమంటే బలాత్కారంగా చేసే నేరం. ఇప్పుడు ఆ అర్థం లేదనుకోండి. కానీ ‘సాహస క్రీడలు’ అనగానే పత్రిక చదివేవాళ్లకు పారాగ్లైడింగ్, కొండలెక్కడం గుర్తొస్తాయి. ఊరివాళ్లను అడుగుతూ, తాళంచెవులు వెతుకుతూ తిరిగే ఆటకు అది నప్పదు. అడ్వెంచర్ గేమ్ అనండి, మీ పత్రిక చదివే పిల్లలంతా అదే అంటారు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘1993లో గేమ్‌బాయ్ మీద వచ్చిన ఈ అడ్వెంచర్ గేమ్‌ను 2019లో నింటెండో స్విచ్ కోసం రీమేక్ చేశారు.’ రెండు యంత్రాల పేర్లూ నేనే చేర్చాను. చిన్న తెర నుంచి పెద్ద తెరకు వచ్చిందని తెలియకపోతే మీ వ్యాసంలో మిగతాదంతా పాఠకుడికి అందదు.