దత్తత తెచ్చుకున్న కుక్కను సంరక్షణ కేంద్రం తిరిగి తీసుకోగలదా?

ప్రశ్న: మేము హన్మకొండలో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. గత ఏడాది ఊరి చివరనున్న ఒక జంతు సంరక్షణ కేంద్రం నుంచి నాలుగు నెలల ఆడ కుక్కపిల్లను దత్తత తెచ్చుకున్నాం. నాటు జాతిది. రూ.1,500 కట్టించుకొని, ‘టీకాలు, వైద్య ఖర్చుల కింద’ అని రశీదు ఇచ్చారు. ఒక ఫారం మీద సంతకం కూడా చేయించుకున్నారు. ఏడాది వయసు నిండేలోపు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని, తమ అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వరాదని, తమ మనుషులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చని, ఎప్పుడైనా తిరిగి తీసుకోవచ్చని, షరతు తప్పితే రూ.20,000 చెల్లించాలని అందులో ఉంది. మధ్యలో దానికి పిడుదుల జ్వరం వచ్చింది. రక్తం బాగా తగ్గిందని, మూడు నెలలు ఆగి ఆపరేషన్ చేయించమని పశువైద్యుడు చీటీ రాసిచ్చారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్ సంఘం కుక్కలను ఉంచరాదని తీర్మానం చేసి, పదిహేను రోజుల గడువుతో మాకు నోటీసు ఇచ్చింది. వాళ్ళే కేంద్రానికీ ఫోన్ చేశారు. ఆపరేషన్ చేయించలేదు కనుక కుక్కను అప్పగించండి, లేదంటే మేమే వచ్చి తీసుకెళ్తామని కేంద్రం వాళ్ళు అంటున్నారు. ఇంతకూ కుక్క ఎవరిది? మేము ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందుగా ఒక మాట. గడువు ముంచుకొస్తోందన్న భయంతో కుక్కను ఎవరికీ అప్పగించకండి, ఎక్కడా వదిలిపెట్టకండి. మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే దాన్ని మీ దగ్గరే ఉంచుకునే హక్కు మీకుంది.

పిల్లల దత్తతకు ఉన్నట్టు పెంపుడు జంతువుల దత్తతకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. చట్టం దృష్టిలో కుక్క చరాస్తి. దానికి నొప్పి, ఆకలి, భయం ఉంటాయని గుర్తించి 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కొంత రక్షణ కల్పించినా, యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం ఆస్తి చట్టాన్నీ, కాంట్రాక్టు చట్టాన్నీ చూడక తప్పదు. అందుకే మీరు సంతకం చేసిన ఆ ఫారం, దానితోపాటు ఇచ్చిన రశీదు ఈ వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన కాగితాలు.

కేంద్రం నుంచి రెండు రకాల మనుషులు కుక్కలను తీసుకెళ్తుంటారు. కొన్నాళ్ళు సాకి తిరిగి అప్పగించేవారు ఒకరు, శాశ్వతంగా తీసుకెళ్ళేవారు మరొకరు. మొదటివారి దగ్గర కుక్క ఉన్నా యాజమాన్యం కేంద్రానిదే. మీ ఫారంలో ‘దత్తత’ అని స్పష్టంగా ఉండి, తిరిగి ఇవ్వవలసిన తేదీ ఏదీ లేకపోతే మీరు రెండో కోవకు వస్తారు. యాజమాన్యం కేంద్రానిదేనని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో రాసి ఉందేమో మరోసారి చదవండి. అలాంటి వాక్యం ఉంటే నేను ఇక్కడ చెబుతున్న దానిలో కొంత మారుతుంది.

ఇప్పుడు ‘ఎప్పుడైనా తిరిగి తీసుకోవచ్చు’ అన్న షరతు సంగతి. దీనిలో ఒక మెలిక ఉంది. ఈ దత్తతను దానంగా చూస్తే, ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం, దానం ఇచ్చినవారి చేతిలో లేని ఒక సంఘటన జరిగితే దానం రద్దవుతుందని ఇరువురూ ముందే ఒప్పుకోవచ్చు. కుక్కను నిర్లక్ష్యం చేసినట్టు తేలితే వెనక్కి తీసుకుంటామన్న షరతు ఆ కోవలోకి వస్తుంది కనుక అది చెల్లుతుంది. కానీ ఇచ్చినవారికి ఎప్పుడు తోస్తే అప్పుడు రద్దు చేసుకోవచ్చని రాసుకుంటే, ఆ మేరకు దానమే చెల్లదని అదే సెక్షన్ చెబుతోంది. పైకి ఇది మీకు అనుకూలంగా కనిపించినా, ‘దానమే చెల్లనప్పుడు కుక్క మాదే’ అని కేంద్రం ఎదురు వాదించే వీలూ ఇందులోనే ఉంది. కాబట్టి దీన్ని ఉత్త దానంగా చూపించుకోవడం మీకు మంచిది కాదు.

మీ వాదన ఇలా ఉండాలి. మీరు డబ్బు కట్టారు, దాన్ని విరాళమని కాకుండా వైద్య ఖర్చులని రశీదులో వాళ్ళే రాశారు. ఆపరేషన్ చేయించే బాధ్యత, ఎవరికీ ఇవ్వకూడదన్న కట్టుబాటు మీరు నెత్తిన వేసుకున్నారు. అందుకు బదులుగా వాళ్ళు కుక్కను అప్పగించారు. ఇది ప్రతిఫలంతో కూడిన ఒప్పందం. ఫారం వాళ్ళే తయారు చేసి ఇచ్చారు గనుక, అందులో ఏ షరతైనా రెండు అర్థాలకు తావిస్తే, తయారు చేసినవారికి వ్యతిరేకంగానూ మీకు అనుకూలంగానూ కోర్టులు అర్థం చెబుతాయి. మిగతా షరతులన్నీ కుక్క క్షేమం కోసమే ఉన్నప్పుడు, ‘ఎప్పుడైనా’ అన్న మాటకు కూడా ‘క్షేమానికి భంగం కలిగినప్పుడు’ అన్న అర్థమే సరిపోతుంది. నా అభిప్రాయంలో ఇది నిలబడే వాదన.

మిమ్మల్ని ఆపరేషన్ విషయంలోనే ఇరుకున పెట్టే ప్రమాదం ఉంది. షరతు గడువు దాటిన మాట నిజం. అయితే పశువైద్యుడి చీటీ మీకు పెద్ద అండ. ఆ చీటీ మీద తేదీ, కుక్క పేరు, రోగ వివరం, వైద్యుడి సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకుంటే ఆయన దగ్గరికి వెళ్ళి రాయించుకోండి, రక్త పరీక్ష రిపోర్టు జత చేయండి. భారత కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ కింద ఒప్పందంలోని గడువును పొడిగించే అధికారం కేంద్రానికి ఉంది. కనుక ఫలానా నెలలో ఆపరేషన్ చేయిస్తామని, అప్పటిదాకా గడువు పెంచమని లిఖితపూర్వకంగా కోరండి. రక్తం తక్కువగా ఉన్న కుక్కకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయమని జంతువుల మేలు కోరే ఏ సంస్థా పట్టుబట్టకూడదు. అదే సమయంలో, ఆరోగ్యం కుదుటపడ్డాక ఈ పనిని ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు టీకాలు, నులిపురుగుల మందు, ఆపరేషన్ బాధ్యతలను పెంపుడు జంతువు యజమాని మీదే పెట్టాయి.

రూ.20,000 గురించి దిగులు పడకండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు అంతకు మించకుండా సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తుంది.

కేంద్రం వాళ్ళు మీ ఇంటికి వచ్చి బలవంతంగా కుక్కను తీసుకెళ్ళే అధికారం ఆ ఫారం వల్ల రాదు. చూసి వెళ్ళడానికి ముందుగా చెప్పి, పగటిపూట వస్తే రానివ్వండి, తినే గిన్నె, పడుకునే చోటు, టీకా పుస్తకం చూపించండి. మీరు వద్దన్నా లోపలికి చొరబడితే అది నేరం, 112కు ఫోన్ చేయవచ్చు. నిజంగా హింస జరుగుతోందని వాళ్ళు నమ్మితే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. హింస నేరం రుజువై శిక్ష పడినప్పుడు యజమాని నుంచి జంతువును తప్పించే అధికారాన్ని 1960 చట్టం 29వ సెక్షన్ కోర్టుకే ఇచ్చింది.

ఇక సంఘం తీర్మానం. ఫ్లాటు మీ సొంతం. మెజారిటీ ఉన్నంత మాత్రాన మీ ఇంట్లో పెంపుడు జంతువు ఉండకూడదని శాసించే అధికారం సంఘానికి రాదు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరి 26న జారీ చేసిన మార్గదర్శకాల్లో, నివాసులందరూ ఏకాభిప్రాయానికి వచ్చినా పెంపుడు కుక్కలను నిషేధించరాదని, లిఫ్టు వాడకుండా అడ్డుకోరాదని ఉంది. ఈ మార్గదర్శకాలకు చట్టంతో సమానమైన బలం లేదన్నది మీకు తెలిసి ఉండాలి. అయినా 2021లో కేరళ హైకోర్టు, పెంపుడు జంతువులను నిషేధించే సంఘం నియమాలు చెల్లవని తీర్పు చెప్పింది. అది తెలంగాణలోని కోర్టులను కట్టిపడేయదు గానీ, ఇక్కడ వాదనలో గట్టిగా పనికొస్తుంది. అద్దె ఇంట్లో ఉండి, అద్దె ఒప్పందంలో జంతువులు వద్దని రాసుకున్నవారి పరిస్థితి వేరు. వారికి ఈ జవాబు వర్తించదు.

పొరుగువారి భయాన్ని మాత్రం కొట్టిపారేయకండి. 2023 మే నెలలో కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర వీధికుక్కల దాడిలో ఒక బాలుడు చనిపోయిన సంగతి మన దగ్గర ఎవరూ మరిచిపోలేదు. మీది పెంపుడు కుక్క అయినా, మెట్ల మీద దాన్ని చూసి ఒక తల్లి పిల్లాడిని వెనక్కి లాక్కుంటే ఆమెను తప్పు పట్టలేం. బయటికి తెచ్చినప్పుడు మెడపట్టీ, తాడు తప్పనిసరిగా ఉంచండి, ఆవరణలో మలవిసర్జన చేస్తే మీరే ఎత్తివేయండి. మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరికైనా ప్రమాదం కలిగించే స్థితి ఏర్పడితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు.

ఈ ఒత్తిడికి లొంగి కొందరు కుక్కను తీసుకెళ్ళి ఊరి బయట వదిలేస్తుంటారు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలేనని, ఆరు దశాబ్దాలు దాటినా ఆ గరిష్ఠ అంకె మారలేదని చెప్పడానికి నాకు బాధగా ఉంది. జరిమానా చిన్నదని మనసు మార్చుకోకండి. ఇంట్లో పెరిగిన కుక్క వీధిలో బతకలేదు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. గడువు ముగిసేలోపే సంఘం అధ్యక్షుడికీ, కార్యదర్శికీ స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో జవాబు పంపండి. దానికి రేబిస్ టీకా ధ్రువపత్రం, బోర్డు మార్గదర్శకాల ప్రతి జత చేసి, తీర్మానాన్ని ఉపసంహరించుకోమని కోరండి. కేంద్రానికి వేరే లేఖ రాసి, గడువు పొడిగింపుతో పాటు ‘ఎప్పుడైనా’ అన్న షరతును ‘నిర్లక్ష్యం రుజువైనప్పుడు’ అని సవరించమని అడగండి. వాళ్ళు అంగీకరిస్తే ఇరువైపులా సంతకాలతో కొత్త కాగితం రాయించుకోండి. కుక్కకు గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ కార్యాలయంలో మీ పేరున రిజిస్ట్రేషన్ చేయించండి, లేకుంటే దరఖాస్తు ఇచ్చి ముద్ర వేసిన నకలైనా దగ్గర పెట్టుకోండి.

లేఖలకు స్పందన రాకుండా నీళ్ళు, కరెంటు, లిఫ్టు ఆపుతామని సంఘం బెదిరిస్తే సివిల్ కోర్టులో శాశ్వత నిషేధపు ఉత్తర్వు కోరుతూ దావా వేసి, అంతవరకు తాత్కాలిక ఉత్తర్వు అడగవచ్చు. వకీలు ఫీజు భారమవుతుందని వెనకాడకండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి ఆధార్ కార్డు, ఫారం, రశీదు, డాక్టరు చీటీ, సంఘం నోటీసు తీసుకొని స్వయంగా వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి.