బడి డబ్బాలో వాడు తినేదే పెట్టండి

ఆటిజం ఉన్న పిల్లలతో ఈమధ్యే విదేశానికి వచ్చిన తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "మావాడు తినేవే నాలుగైదు రకాలండీ. వాటితో బడికి హెల్దీగా ఏం కట్టివ్వాలి?" నేను తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాను. నిన్న కట్టిచ్చింది తిన్నాడా? ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: సగం తిరిగొచ్చింది, లేదంటే మూత కూడా తియ్యలేదు. అలా తిరిగొచ్చిన డబ్బాలో పాలకూర ఉంటేనేం, క్వినోవా ఉంటేనేం, వాడి ఒంటికి పట్టింది సున్నా. పొద్దున తిన్న పిల్లాడు బడి వదిలేదాకా ఖాళీ కడుపుతో ఉంటే మధ్యాహ్నం క్లాసులో ఏడుపు, కోపం, అదుపు తప్పి అల్లాడిపోయే మెల్ట్‌డౌన్ రావడంలో వింతేముంది?

మా అబ్బాయి ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. ఇన్నేళ్ళు వాడికి డబ్బా సర్దాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఒక్కటే. బడికి వాడు కచ్చితంగా తినేదే పంపాలి. కొత్తవి అలవాటు చెయ్యడం, బలమైన తిండి పట్టించడం, అన్నీ ఇంటి దగ్గరే, తీరిక ఉన్న పూటే.

ఎందుకో తెలియాలంటే వీలు చూసుకుని బడిలో భోజనాల గదికి ఒకసారి వెళ్ళి రండి. కుర్చీలు ఈడ్చే చప్పుడు, ట్రేల మోత, వందమంది పిల్లల అరుపులు, పక్కవాడి డబ్బాలోంచి ట్యూనా వాసన. చేతులు కడుక్కుని కూర్చునేసరికి ఉన్న కాస్త టైమూ కరిగిపోతుంది. పొద్దుటినుంచీ క్లాసులో ఓపిక పట్టీ పట్టీ వచ్చిన పిల్లాడు అక్కడ కొత్త రుచి చూస్తాడా? పైగా వీళ్ళలో చాలామందికి తిండి అంటే రుచి ఒక్కటే కాదు. వాసన, రంగు, వేడి, నమిలితే వచ్చే చప్పుడు, నాలుకకు తగిలే తీరు, అన్నీ లెక్కే. మెత్తటి పెరుగన్నంలో ఒక్క పలుకు మెతుకు తగిలితే ముద్దంతా ఊసేసే పిల్లలున్నారు. కొందరికి ఆకలి వేస్తోందన్న సంగతే సరిగా తెలియదు. దాన్ని మొండితనం అనుకుని "ఆకలేస్తే వాడే తింటాడులే" అని వదిలేస్తే, ఈ పిల్లల్లో కొందరు నిజంగానే తినరు. ఆ మాట చెప్పే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్ళ ప్రేమను కాదనను గానీ ఈ సలహా మాత్రం పక్కన పెట్టండి.

ముందు ఒక కాగితం మీద వాడు తినేవన్నీ రాయండి. బిస్కెట్ అని రాస్తే చాలదు, ఏ కంపెనీది, గుండ్రంగా ఉండేదా, నలుచదరంగా ఉండేదా అన్నదీ రాయాలి. బ్రెడ్ అయితే అంచులతోనా, అంచులు తీసేసా? చపాతీ వేడిదేనా, చల్లారినా తింటాడా? ఇలా కూర్చుని రాస్తే, నాలుగే తింటాడనుకున్న ఇంట్లో కూడా లిస్టు రెండింతలు అవడం చూశాను. తర్వాత ఆ లిస్టులో, పొద్దున సర్దితే మధ్యాహ్నానికి కూడా వాడికి నచ్చే తీరులోనే ఉండేవి ఏవో చుక్క పెట్టండి. మీ డబ్బా మెనూ అదే. పెనం మీంచి తీసిన కరకరలాడే దోసె ప్రాణంగా తినే పిల్లాడికి, మూతలో ఆవిరి పట్టి మెత్తబడిన దోసె వేరే పదార్థం. ఇంట్లో తింటాడు కదా అని పంపేవాటిలో సగం ఇక్కడే దెబ్బతింటాయి.

వేడిగా తినేవాటికి మంచి స్టీల్ ఫ్లాస్క్ కొనండి, చాలా బడుల్లో పిల్లల డబ్బాలు వేడిచేసి ఇవ్వరు. అన్నమో పాస్తానో నేరుగా ఫ్లాస్కులో వేస్తే రెండు గంటల్లో గోరువెచ్చన అవుతుంది. ముందు ఫ్లాస్క్ నిండా మరిగే నీళ్ళు పోసి మూత పెట్టి పది నిమిషాలు వదిలెయ్యాలి. ఈలోగా అన్నం పొగలు కక్కేలా వేడి చెయ్యాలి. నీళ్ళు వంపేసి, లోపల తుడిచి, వెంటనే నింపి మూత బిగించాలి. సగం నింపితే వేడి నిలవదు, అంచుదాకా నింపండి. తినే వేళకు లోపల 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి. చల్లగా తినేదైతే 5 డిగ్రీల లోపు ఉండేలా ఐస్ ప్యాక్ పక్కన పెట్టాలి. పెరుగన్నం ఐస్ ప్యాక్ లేకుండా పంపకండి. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే ఒక రకం బాక్టీరియా పెరిగి విషం తయారు చేస్తుంది, మళ్ళీ వేడి చేసినా అది పోదు. ఒక వారాంతం ఈ మొత్తాన్నీ ఇంట్లో రిహార్సల్ చెయ్యండి: పొద్దున సర్ది, మధ్యాహ్నం తెరిచి, మీరే ఒక ముద్ద తిని చూడండి. ఫ్లాస్క్ మూత బిగుసుకుపోయి పిల్లాడి చేతికి రాకపోవడం కూడా అప్పుడే బయటపడుతుంది. నోరు తెరిచి "మూత తియ్యండి" అని అడగలేని పిల్లలు ఆకలితోనే డబ్బా మూసేస్తారు.

డబ్బాలో అరలు వేరువేరుగా ఉండాలి. ఆపిల్ ముక్క తడి బిస్కెట్‌కు తగిలిందంటే రెండూ పోయినట్టే. కొన్నాళ్ళు రోజూ అదే డబ్బా, అదే చెంచా వాడండి. తిండి మాత్రం ఒకే రకం నెలల తరబడి పెట్టారంటే ఒకరోజు ఉన్నట్టుండి వాడికి దానిమీద విరక్తి పుట్టి, లిస్టులోంచి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. అందుకే తినే నాలుగింటినైనా మార్చి మార్చి పెట్టాలి. ఒకటే తినేవాడైతే కనీసం ఆకారం మార్చండి: ఈరోజు త్రికోణం, రేపు పొడవు ముక్కలు. కంపెనీవాళ్ళు ప్యాకెట్ రంగు మార్చినప్పుడు అదే బిస్కెట్‌ను మావాడు ముట్టలేదు. అప్పటినుంచీ ప్యాకెట్ తీసేసి చిన్న డబ్బాలో పోసి ఇవ్వడం మొదలుపెట్టాను.

ఇంకొక్క మాట. వాడికి ఇష్టమైనదాంట్లో కూరగాయల పేస్టో, మందో దొంగచాటుగా కలపకండి. ఈ పిల్లల నాలుక మనకంటే చురుకు. కనిపెట్టాడంటే ఆ రోజు మందు పోవడం అటుంచి, నమ్మకంగా తినే పదార్థం ఒకటి లిస్టులోంచి కొట్టుకుపోతుంది. నాలుగున్నవాడికి మూడవడం చిన్న నష్టం కాదు.

మరి కొత్తవి ఎలా అలవాటవుతాయి? ఇంటి దగ్గర, తినేదాన్నించి ఒక్క మెట్టు పక్కకు. ఒక కంపెనీ చిప్స్ తింటుంటే ఇంకో కంపెనీ చిప్స్. అది కుదిరాక ఇంట్లో సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంప, తర్వాత కాస్త మందంగా, తర్వాత అవెన్‌లో కాల్చింది, ఆపైన అదే తీరులో కోసిన చిలగడదుంప. ఒక్కో మెట్టుకు వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. కొత్తది వాడి పళ్ళెంలో పెట్టకుండా పక్క గిన్నెలో పెట్టండి. చూడటం, ముట్టుకోవడం, వాసన చూడటం, నాలుక ఆనించడం అన్నీ ముందడుగులే. మామూలు పిల్లలకే ఒక కొత్త రుచి పదిపదిహేనుసార్లు కనిపిస్తే గానీ అలవాటవదు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ళ పని, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల పని అని ఎలిన్ సాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన సూత్రం చాలామంది థెరపిస్టులు వాడతారు. మన ఇళ్ళల్లో వెంటపడి ముద్దలు పెట్టే అలవాటుకు ఇది మింగుడుపడదు, నిజమే. ఆటిజం ఉన్న పిల్లలకు దీన్ని ఉన్నదున్నట్టు వాడటం అన్నివేళలా కుదరదు కూడా. కానీ బలవంతం మాత్రం తగ్గించండి. నోట్లో కుక్కి తినిపించిన ముద్ద రేపటి ముద్దను చెడగొడుతుంది.

ఇక ఆరోగ్యం. ఒక్క డబ్బాలో లెక్క చూడకండి, వారం మొత్తంలో చూడండి. బడిలో తెల్లటి బ్రెడ్, చిప్స్ తిన్నవాడు సాయంత్రం గుడ్డు తినొచ్చు. తక్కువ రకాలు తినే పిల్లల్లో ముఖ్యంగా గమనించాల్సినవి ఐరన్, కాల్షియం, విటమిన్ డి, విటమిన్ సి, పీచు. శాకాహారులైతే బీ12 కూడా. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు అమెరికా లెక్క ప్రకారం రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 10 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ పొడిగా తినే పిల్లలకు అదే మంచి ఆధారం, చాలావాటిలో ఐరన్ కలుపుతారు. ప్యాకెట్ వెనక చదివి చూసుకోండి, చక్కెర తక్కువ ఉన్నది డబ్బాలో పెట్టండి. పండే ముట్టని పిల్లలకు బంగాళాదుంపలోనూ కొంత విటమిన్ సి దొరుకుతుంది. పాలు ఎక్కువ తాగితే మంచిదే కదా అనుకోవద్దు. అయిదేళ్ళ లోపు పిల్లలు రోజుకు 700 మిల్లీలీటర్లు దాటి తాగితే ఆకలి చచ్చి, ఐరన్ తగ్గుతుంది.

మల్టీవిటమిన్ గమ్మీలు ఇస్తున్నాం కదా అంటారు. చాలా గమ్మీల్లో ఐరన్ ఉండదు, జెలటిన్ ఉంటుంది, శాకాహారులు చూసుకోవాలి. ఐరన్ మందు మాత్రం రక్తపరీక్ష లేకుండా, డాక్టర్ చెప్పకుండా ఇవ్వకండి, మోతాదు మించితే పిల్లలకు చాలా ప్రమాదం.

తిండి ఉన్నట్టుండి తగ్గిందంటే ముందు మలబద్ధకం ఉందేమో చూడండి. ఈ పిల్లల్లో ఇది మామూలు, నొప్పి అని చెప్పలేరు, తినడం మానేస్తారు. పంటినొప్పి కూడా అంతే. నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య అయిన ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు వాడుతుంటే మధ్యాహ్నం ఆకలి పడిపోతుంది. అలాంటప్పుడు డబ్బా తిరిగొచ్చిందని టెన్షన్ పడేకంటే, మందు వేసేముందు గట్టి టిఫినూ, మందు ప్రభావం తగ్గాక సాయంత్రం మరో భోజనమూ పెట్టడం మేలు. మోతాదు సంగతి డాక్టర్‌తో మాట్లాడండి.

మన వాట్సాప్ గ్రూపుల్లో గోధుమా పాలూ మానేస్తే ఆటిజం తగ్గుతుందని ఒక ప్రచారం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసిన్ అనే ప్రొటీన్లు లేని ఈ ఆహారం మీద 2008లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే సంస్థది), దానికి సరిపడా ఆధారం లేదని తేల్చింది. సీలియాక్ జబ్బో (గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినేది), పాల ఎలర్జీయో పరీక్షలో తేలితే మానాల్సిందే. ఊరికే మాత్రం వద్దు. బ్రెడ్డూ పెరుగూ మీద బతికే పిల్లాడి దగ్గర ఆ రెండూ లాగేసుకుంటే మిగిలేదేమిటి? అలా ప్రయత్నించే పట్టుదల ఉంటే డైటీషియన్ పర్యవేక్షణలోనే చెయ్యండి. సీలియాక్ పరీక్ష గోధుమ మానకముందే చేయించాలి, మానేశాక ఫలితం నమ్మలేం.

బడితో ముందే మాట్లాడుకోవాలి. చాలా బడుల్లో వేరుశనగ, జీడిపప్పు లాంటివి నిషేధం, పల్లీపొడి తగిలిన చపాతీ కూడా అందులోకే వస్తుంది. కొన్నిచోట్ల చిప్స్, బిస్కెట్లు ఒప్పుకోరు. మావాడు చిన్న క్లాసులో ఉండగా ఒకావిడ వాడి చిప్స్ తీసి పక్కన పెట్టి, ముందు పండు తినమంది. వాడు రెండూ ముట్టకుండా ఇంటికొచ్చాడు. తర్వాత డాక్టర్ ఉత్తరం ఇచ్చాం, ఆ గొడవ మళ్ళీ రాలేదు. ఉత్తరంలో మూడు సంగతులు చాలు: తిండి పరిమితి ఆటిజం వల్ల వచ్చిందని, డబ్బాలో ఉన్నది ఏ వరుసలోనైనా తిననివ్వాలని, బలవంతంగానీ లంచంగానీ వద్దని. గోల తక్కువగా ఉన్నచోట, ఒకరిద్దరు స్నేహితులతో కూర్చోబెట్టమని, మూతలు తియ్యడానికి సాయం చెయ్యమని కూడా అడగొచ్చు. ఇవి దయాదాక్షిణ్యాలు కావు. అమెరికాలో ఐఈపీలోగానీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లాడికి బడి రాసే చదువు ప్రణాళిక), వైకల్యం ఉన్న పిల్లలకు బడి చేసే సర్దుబాట్లు రాసే 504 ప్లాన్‌లోగానీ రాయించుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ఈహెచ్‌సీపీ (ప్రత్యేక సాయానికి స్థానిక ప్రభుత్వం ఇచ్చే ప్రణాళిక) ఇంకా రాకపోయినా, 2010 ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం బడి తగిన సర్దుబాట్లు చెయ్యాలి. ఆస్ట్రేలియాలో 2005 నాటి డిజెబిలిటీ స్టాండర్డ్స్ ఫర్ ఎడ్యుకేషన్ అనే నిబంధనలు ఇందుకే ఉన్నాయి. మనవాళ్ళు టీచర్‌ను అడగడానికి మొహమాటపడతారు. ఇక్కడ అడగనివాళ్ళకు అవసరం లేదనుకుంటారు.

బరువు తగ్గినా, ఎత్తు ఎదగడం ఆగినా, తినేవి ఒక్కొక్కటే రాలిపోతున్నా, తింటూ పొలమారినా, వాంతి చేసుకున్నా ఆలస్యం చెయ్యకండి. మట్టి, కాగితం, సుద్ద లాంటివి నోట్లో పెట్టుకుంటుంటే ఐరన్ పరీక్ష చేయించండి. చిగుళ్ళలో రక్తం, కాళ్ళనొప్పులు, నడవనని మొరాయించడం విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ కావచ్చు. పాతకాలం జబ్బు అనుకుంటాం గానీ తిండి బాగా పరిమితమైన ఆటిజం పిల్లల్లో ఇప్పటికీ బయటపడుతూనే ఉంది. పరిమితి మరీ తీవ్రమైతే దానికి ఏఆర్ఎఫ్ఐడీ (తిండిని తప్పించే, బాగా పరిమితం చేసే రుగ్మత) అనే నిర్ధారణ 2013 నుంచి ఉంది, దాని ఆధారంగా డైటీషియన్, ఫీడింగ్ థెరపిస్ట్ దగ్గరికి రిఫరల్ అడగొచ్చు. అపాయింట్‌మెంట్‌కు వెళ్ళేటప్పుడు వాడు తినేవాటి లిస్టూ, ఒక వారం పాటు తిరిగొచ్చిన డబ్బాల ఫోటోలూ వెంట ఉంచుకోండి. "సరిగ్గా తినడం లేదండీ" అంటే పిల్లలందరూ అంతేలెమ్మని పంపేసే డాక్టర్లు కూడా, అవి చూపిస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.