పక్కింటి అమెరికా వాళ్ళకి లడ్డూలు ఇవ్వొచ్చా?

థాంక్స్ గివింగ్ అయిపోగానే కొత్తగా వచ్చిన వాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఇదే, అన్నా క్రిస్మస్‌కి పక్కింటి వాళ్ళకి, పిల్లల టీచర్‌కి ఏమన్నా ఇవ్వాలా, ఇస్తే ఇంట్లో చేసినవి ఇవ్వొచ్చా అని. డాలస్ పక్కన 14 ఏళ్ళుగా ఉంటున్నా, చేయాల్సిన తప్పులన్నీ చేసేశా కాబట్టి చెప్తున్నా, ఇవ్వొచ్చు, బాగా తీసుకుంటారు కూడా, కానీ మనూళ్ళో పండక్కి పళ్ళెం నిండా పెట్టి చీర చెంగు కప్పి పక్కింటికి పంపినట్టు ఇక్కడ కుదరదు.

నేను మొదటి ఏడాది ఏం చేశానంటే, బూందీ లడ్డూలు డబ్బాలో పెట్టి ఎదురింటి పెద్దావిడకి ఇచ్చా, ఆవిడ నవ్వుతూ తీసుకుని ఇందులో నట్స్ ఉన్నాయా అని అడిగింది, నేను పల్లీల గురించి అడుగుతోందనుకుని నో నో అనేశా. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ నెత్తి కొట్టుకుంది, లడ్డూకో జీడిపప్పు ఉంది కదండీ అని. చెప్పులు కూడా వేసుకోకుండా మళ్ళీ పరిగెత్తా. ఆ వారం వాళ్ళ మనవడు వచ్చి ఉన్నాడు, ఆ పిల్లాడికి జీడిపప్పు ఎలర్జీ. ఇంకా డబ్బా తెరవలేదు కాబట్టి బతికిపోయా. మనకి జీడిపప్పు, బాదం, పిస్తా వేయడం అంటే మర్యాద చేయడం, ఇక్కడ కొంతమందికి అది ఆసుపత్రి వ్యవహారం, ఎలర్జీ ఉన్న పిల్లలు జేబులో ఇంజెక్షన్ పెట్టుకుని తిరుగుతారు.

అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే, డబ్బా మీద చిన్న కార్డు అంటించి అందులో ఏం వేశామో మొత్తం రాయడం. ఇక్కడ చట్టం ప్రకారం ప్యాకెట్ల మీద తప్పకుండా రాయాల్సినవి 9, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల్లాంటివి, చెట్టు నట్స్ (జీడిపప్పు, బాదం, పిస్తా లాంటివి), పల్లీలు, గోధుమ, సోయా, 2023 జనవరి నుంచి నువ్వులు కూడా. మన నువ్వులుండ కూడా ఈ లిస్టులో పడిందన్నమాట. ఊరికే ఇచ్చే వాటికి ఈ చట్టం మనల్ని పట్టుకోదు గానీ (అమ్మితే మాత్రం కాటేజ్ ఫుడ్ రూల్స్ అని వేరే గొడవ ఉంది, స్టేట్‌ని బట్టి మారుతుంది) రాస్తే వాళ్ళు ధైర్యంగా తింటారు. నెయ్యి వేస్తే పాలు అని కూడా రాయండి. చాక్లెట్ చిప్స్‌లో సోయా లెసితిన్ ఉంటుంది చాలావాటిలో, ప్యాకెట్ వెనక చూసి రాసేయండి.

ఇంక ఏం చేయాలి అంటే, నా లెక్కలో చూడగానే వాళ్ళకి తెలిసినట్టుండాలి, నోట్లో పెట్టుకుంటే మన రుచి రావాలి. సున్నుండలు నాకు ప్రాణం కానీ మినప వాసన అలవాటు లేనివాళ్ళకి మొదటిసారే ఇవ్వకండి. పూతరేకులు అసలే వద్దు, మా అమ్మ వస్తూ ఆత్రేయపురం నుంచి తెస్తే మురిసిపోయి మా మేనేజర్‌కి ఇచ్చా, ఆయన పైన రేకు కాగితం అనుకుని జాగ్రత్తగా ఒలిచేసి లోపలి పంచదార పొడి ఒళ్ళంతా పోసుకున్నాడు.

అన్నిటికన్నా తేలిక ఏలకుల ఫడ్జ్, అంటే చాక్లెట్ బర్ఫీ లాంటిది. స్వీటెండ్ కండెన్స్‌డ్ మిల్క్ 14 ఔన్సుల డబ్బా ఒకటి, సెమీ స్వీట్ చాక్లెట్ చిప్స్ 3 కప్పులు, అంటే 12 ఔన్సుల ప్యాకెట్ ఒకటిన్నర, చిటికెడు ఉప్పు, అర స్పూన్ ఏలకుల పొడి. కండెన్స్‌డ్ మిల్క్, చిప్స్ రెండూ గిన్నెలో వేసి మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద 30 సెకన్లు పెట్టడం, తీసి కలపడం, మళ్ళీ పెట్టడం. ఇక్కడే కొత్తవాళ్ళు మోసపోతారు, చిప్స్ కరిగిపోయినా పైకి ఆకారం అలాగే ఉంటుంది, ఇంకా కరగలేదేంటి అని ఇంకో రెండు నిమిషాలు పెడితే మాడిపోయి ఇల్లంతా కంపు, ఫైర్ అలారం బోనస్. కలిపితేనే తెలుస్తుంది కరిగిందో లేదో. తర్వాత ఏలకులు, ఉప్పు కలిపి, 8 అంగుళాల చదరం పాన్‌లో పార్చ్‌మెంట్ పేపర్ వేసి పోసి, రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, అంగుళం ముక్కలు కోస్తే 64 వస్తాయి, ఇంటికి 8 చొప్పున 8 ఇళ్ళకి సరిపోతాయి. ఎక్కువ పెట్టకండి, మనలాగా కిలో డబ్బా ఇస్తే వాళ్ళు కంగారు పడతారు.

రెండోది చాక్లెట్‌లో ముంచిన కొబ్బరి ఉండలు. ఇక్కడ మౌండ్స్ అని ఒక చాక్లెట్ ఉంది, లోపల కొబ్బరి, అది తినని వాళ్ళు తక్కువ, కాబట్టి చూడగానే అర్థమైపోతుంది. ఇండియన్ స్టోర్‌లో దొరికే తీపి లేని ఎండు కొబ్బరి పొడి 3 కప్పులు, కండెన్స్‌డ్ మిల్క్ ముప్పావు డబ్బా, ఏలకులు, కలిపి గోలీకాయంత ఉండలు చేసి ఫ్రీజర్‌లో అరగంట పెట్టండి. అమెరికన్ స్టోర్‌లో బేకింగ్ వరసలో ఉండే స్వీటెండ్ కొబ్బరి తెచ్చారో అది తడిగా బంక బంకగా ఉంటుంది, దానికి మళ్ళీ కండెన్స్‌డ్ మిల్క్ కూడా పడితే పళ్ళు జివ్వుమంటాయి.

ముంచడానికి చిప్స్ వద్దు. అసలైన చాక్లెట్ మెరుస్తూ టక్కుమని విరగాలంటే టెంపరింగ్ చేయాలి, డార్క్ అయితే 115 ఫారన్‌హీట్ దాకా వేడి చేసి 82 దాకా చల్లార్చి మళ్ళీ 90 దగ్గర పట్టుకోవాలి, థర్మామీటర్ పెట్టుకుని కూర్చునే ఓపిక నాకు లేదు. ఆ గోల లేకుండా మెల్టింగ్ వేఫర్స్ అని అమ్ముతారు, వాటిలో కోకో బటర్ బదులు వేరే నూనె ఉంటుంది, కరిగించి ముంచితే అవే గట్టిపడతాయి. రుచి కాస్త తక్కువే, ఒప్పుకుంటా, కానీ చేతికి అంటుకోవు. గరిటెకి గానీ గిన్నెకి గానీ ఒక్క చుక్క నీళ్ళు ఉండకూడదు. మా అమ్మ చాక్లెట్ చిక్కగా ఉందిరా అని పాకానికి పోసినట్టు స్పూన్ నీళ్ళు పోసింది, మొత్తం ఉప్మారవ్వలా బిరుసెక్కి కూర్చుంది. అలా అయితే పారేయకండి, వేడి పాలు గానీ క్రీమ్ గానీ స్పూన్ స్పూన్ పోస్తూ కలిపితే మళ్ళీ సాస్‌లా వస్తుంది, ముంచడానికి పనికిరాదు, ఐస్‌క్రీమ్ మీద పోసుకోవచ్చు.

ఓపిక లేకపోతే మెడ్జూల్ ఖర్జూరం గింజ తీసి కరిగించిన చాక్లెట్‌లో సగం దాకా ముంచి పైన ఉప్పు రేణువులు నాలుగు చల్లండి, పావుగంట పని. నట్స్ లేవు, డార్క్ చాక్లెట్ పాలు లేనిది చూసి తెస్తే వీగన్ వాళ్ళకి కూడా సరిపోతుంది.

దీపావళికి ఇద్దామనుకునే వాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, టెక్సాస్‌లో అక్టోబర్ అంటే ఇంకా ఎండలే, కార్లో గంట వదిలేస్తే డబ్బా అంతా ఒకే ముద్ద. మళ్ళీ గట్టిపడ్డాక పైన తెల్లగా పొర వస్తుంది, అది బూజు కాదు, తింటే ఏం కాదు, కానీ ఎవరికీ ఇవ్వలేం.

ఎవరికి ఎలా అంటే, పిల్లల క్లాసులో పంచడానికి ఇంట్లో చేసినవి చాలా స్కూళ్ళు తీసుకోవు, సీల్ చేసిన ప్యాకెట్లే, టీచర్‌కి విడిగా ఇవ్వొచ్చు. హాలోవీన్‌కి ఇంటింటికీ వచ్చే పిల్లల సంచుల్లో మాత్రం ఇంట్లో చేసినవి పొరపాటున కూడా వేయకండి, పిల్లాడు ఇంటికెళ్ళగానే అమ్మానాన్నలు చెత్తబుట్టలో వేస్తారు, తప్పు వాళ్ళది కాదు. పోస్ట్ తెచ్చే ఆయనకి సందర్భానికి 20 డాలర్లలోపు వస్తువు ఇవ్వొచ్చు, డబ్బు ఎంత చిన్నదైనా తీసుకోకూడదు వాళ్ళు, కాబట్టి ఫడ్జ్ డబ్బా ఆయనకి సరిగ్గా సరిపోతుంది. ఆఫీసులో అయితే బ్రేక్ రూమ్ టేబుల్ మీద కార్డుతో పెట్టి వచ్చేయండి, ఒక్కొక్కరి డెస్క్ దగ్గరికి వెళ్ళి తినండి తినండి అని మొహమాటపెట్టకండి.

తిరుగు వాయనం కూడా వస్తుంది. ఎదురింటావిడ ఆ లడ్డూ డబ్బా ఖాళీగా ఇవ్వకుండా రైస్ క్రిస్పీ ట్రీట్స్ పెట్టి ఇచ్చింది, అచ్చం మన మరమరాల అచ్చుల్లా ఉంటే మేం లొట్టలేసుకుని తినేశాం. తర్వాత తెలిసింది, వాటిని అంటించేది మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి, అందులో జెలటిన్, అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసింది. శాకాహారులైతే ముందే అడగండి, వాళ్ళేం అనుకోరు. ఇప్పుడు ఆవిడ కూడా మాకు ఇచ్చే డబ్బా మీద కార్డు అంటిస్తోంది, నో జెలటిన్ అని.